హల్ప్ ద్రై అంటే మూడున్నర కాదు: భీమవరంలో ఒక జర్మన్ క్లాసు సమీక్ష

జర్మన్ నేర్పే చోట్లు ఇప్పుడు కాకినాడ, రాజమండ్రి, భీమవరం అన్నిట్లోనూ ఉన్నాయి. బోర్డు మీద బ్రాండెన్‌బుర్గ్ గేటు బొమ్మ, దాని కింద ‘వంద శాతం పాస్ గ్యారంటీ’. లోపల చాలా చోట్ల జరిగేది ఒకటే. డెర్, డీ, దాస్ (నామవాచకాల ముందు లింగాన్నిబట్టి వచ్చే మాటలు) బట్టీ, మోడల్ పేపర్లు, నెలకోసారి ‘కల్చర్ క్లాస్’ పేరుతో అరగంట వీడియో. ఆ వీడియోలో బీరు పండగ, కోటలు, కార్లు. వీడియో అయ్యాక టీచరు లైటు వేసి ‘జర్మన్లు టైము తప్పరు, మనమే’ అంటారు. పిల్లలు నవ్వుతారు. సంస్కృతి అయిపోయింది.

ఈ సమీక్ష అలా నడవని ఒక చోటు గురించి. కింద చెరువుల మేత, మందుల షాపు, పైన మేడ మీద రెండు గదులు, ఇద్దరు టీచర్లు. పేరు రాయడం లేదు. రాస్తే మెచ్చుకున్నది ప్రకటనలాగా, తప్పుపట్టినది పగలాగా కనిపిస్తుంది. బ్యాచికి పద్దెనిమిది మంది. ఎమ్మెస్‌కి వెళ్ళే ఇంజినీర్లు కొందరు, జీఎన్ఎమ్ లేదా బీఎస్సీ నర్సింగ్ అయినవాళ్ళు కొందరు, పెళ్ళయి భర్త దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు కొందరు. నరసాపురం, పాలకొల్లు, ఆకివీడు, ఉండి నుంచి రోజూ వచ్చిపోతారు. ఒక ముక్క ఇక్కడే చెప్పాలి: భార్య వీసాకి మామూలుగా ఏ1 సర్టిఫికెట్ (భాషలో మొదటి మెట్టు, తర్వాతివి ఏ2, బీ1, బీ2) అడుగుతారు గానీ, భర్తకి బ్లూ కార్డు (పెద్ద చదువుల ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) ఉంటే అది అక్కర్లేదు. చేరడానికి వచ్చినవాళ్ళని ఈ మాట అడిగి, అక్కర్లేనివాళ్ళకి అక్కర్లేదని చెప్పే కోచింగు ఇదొక్కటే కనిపించింది. నేర్చుకుంటే మంచిదేనని చెప్పి చేర్చుకుంటారనుకోండి, అది వేరే.

ముందు తీర్పు చెప్పేస్తే: వ్యాకరణం చెప్పడంలో ఈ చోటు మామూలు. పరాయి మనిషి మాట వెనక ఏముందో పట్టుకోవడం నేర్పడంలో మాత్రం డెల్టాలో దీనికి సాటి లేదు. నర్సుల విషయంలో పెద్ద లోటు ఉంది, దాని సంగతి తర్వాత.

వీళ్ళకి విడిగా కల్చర్ క్లాసు లేదు. అదే వీళ్ళ బలం. సంస్కృతిని వాక్యంలోంచే లాగుతారు. గంటలు చెప్పే పాఠమే చూడండి. జర్మన్‌లో ‘హల్ప్ ద్రై’ అంటే మాటకి మాట ‘సగం మూడు’. మనవాళ్ళు విన్న వెంటనే మూడున్నర రాస్తారు. నిజానికి అది రెండున్నర. మనం దాటిపోయిన గంటకి అర కలుపుతాం, వాళ్ళు రాబోయే గంటలో సగం నిండిందంటారు. ఇక్కడ టీచరు అట్ట గడియారం తీసి, రెండుకీ మూడుకీ మధ్య ఉన్న గంటకి రంగు వేయించి, దానికి ‘మూడో గంట’ అని పేరు పెడుతుంది. మూడో గంటలో సగం అయింది, అదే హల్ప్ ద్రై. ఆ వెంటనే ఇంకో మాట గుర్తుచేస్తుంది: మనం ‘పావుతక్కువ మూడు’ అంటాం కదా, అక్కడ మనమూ రాబోయే గంటనే పట్టుకుంటున్నాం. జర్మన్ ‘ఫియర్టెల్ ఫోర్ ద్రై’ అచ్చంగా అదే. అంటే వాళ్ళ లెక్క వింత కాదు, మన పావుతక్కువని అరదాకా పొడిగించారంతే. దీంతో తప్పు చాలావరకు పోతుంది. పూర్తిగా పోదు, ఎందుకంటే ఫోన్లో తొందరగా వింటే పాత లెక్కే తలకెక్కుతుంది. అందుకని ఇంకో అలవాటు నేర్పుతారు: టైము విన్నాక దాన్ని ఇరవైనాలుగు గంటల లెక్కలో తిరిగి చెప్పడం, ‘ఆల్జో ఫియర్‌త్సేన్ ఊర్ ద్రైసిష్’ అని. రైల్వే టైంటేబుల్ చూసి పెరిగినవాళ్ళకి 14:30 కొత్తేమీ కాదు. ఆసుపత్రుల్లోనూ స్టేషన్లలోనూ ఆ లెక్కే కాబట్టి అది అక్కడా పనికొస్తుంది.

తర్వాత ‘ఆయ్’ సంగతి. గోదావరి మనిషి ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఊరుకోడు. ‘ఆయ్’, ‘అలాగేనండి’, ‘అవునండి’ అంటూ తాళం వేస్తాడు. అది ఒప్పుకోవడం కాదు, వింటున్నాననడం. ఆ అలవాటు జర్మన్‌లోకి ‘యా, యా’గా దిగుతుంది. చిక్కు రెండు రకాలు. ఒక్క ‘యా’ అంటే వాళ్ళు అర్థమైందని, ఒప్పుకున్నావని తీసుకుంటారు. రెండు ‘యా’లు కలిపి గబగబా అంటే ‘సరేలే, చాల్లే’ అని విసుక్కున్నట్టుంటుంది. డ్యూటీలో మందు మోతాదు చెప్తున్న సీనియరుకి ‘యా యా’ అని తాళం వేస్తే ఎటు పోయినా నష్టమే. ఈ క్లాసులో దీనికి జంటల అభ్యాసం ఉంది. ఒకరు మూడు అంకెలున్న సూచన చదువుతారు, రెండోవాళ్ళు ‘యా’ అనకుండా వినాలి. చివర్న ‘ఇష్ వీడర్‌హోలె’ (తిరిగి చెప్తున్నాను) అని మొదలుపెట్టి ఆ సూచనని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అర్థం కాకపోతే ‘నోఖ్ ఐన్మాల్, బిట్టె’ (ఇంకోసారి, దయచేసి). మొదటి వారం మౌనంగా వినడం మన పిల్లలకి నరకంలా ఉంటుంది, మర్యాద తప్పినట్టు ఉంటుంది. టీచరు అక్కడ ఒక మంచి పని చేస్తుంది. ఆయ్ అనడం తప్పని చెప్పదు. ఆయ్ ఏ పని చేస్తుందో రాయిస్తుంది: వింటున్నానని చెప్పడం, పెద్దరికాన్ని ఒప్పుకోవడం, మాట తెగకుండా చూడటం. ఆ మూడు పనులూ జర్మన్‌లో దేనితో జరుగుతాయో వెతికిస్తుంది. కళ్ళలోకి చూడటం, ఒక్క తల ఊపు, మధ్యలో ఒక్కసారి ‘గెనావ్’ (సరిగ్గా అంతే). తల ఊపేటప్పుడు మాత్రం పైకీ కిందికీ. మన అడ్డం ఊపు వాళ్ళకి అవునో కాదో తేలదు.

‘డాంకె’ (థ్యాంక్స్) దగ్గర కూడా ఇలాగే. ఎవరైనా కాఫీ కావాలా అంటే జర్మన్‌లో ఒట్టి ‘డాంకె’ అన్నా చాలాసార్లు ‘వద్దు’ అనే అర్థం. కావాలంటే ‘యా, బిట్టె’ లేదా ‘గెర్న్’ (సంతోషంగా) అనాలి. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాలు పరిచే ఊళ్ళవాళ్ళకి ఇది మింగుడుపడదు. ఇక్కడ మొదటిసారి వద్దనడం మొహమాటం, రెండోసారి వద్దనడం మర్యాద, మూడోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే అప్పుడది వద్దు. అక్కడ మొదటి వద్దే ఆఖరు. క్లాసులో ఈ సన్నివేశాన్ని రెండు వైపులా ఆడిస్తారు. ముందు జర్మన్ ఇంట్లో తెలుగు అతిథి: వద్దంటాడు, ప్లేటు వెళ్ళిపోతుంది, ఆకలితో ఇంటికి వస్తాడు. తర్వాత గోదావరి ఇంట్లో జర్మన్ అతిథి: వద్దంటాడు, పెడతారు, తింటాడు, మళ్ళీ పెడతారు. ప్లేటు ఖాళీ చెయ్యడం మర్యాదని అతననుకుంటాడు, ఖాళీ అయితే వడ్డించడం మర్యాదని వీళ్ళు. చాలా కోచింగుల్లో మొదటి సగమే ఆడతారు. రెండో సగం ఆడినప్పుడే పిల్లలకి అవతలి మనిషి ఇబ్బంది ఒంట్లోకి ఎక్కుతుంది.

ఈ పనికి బోధనాశాస్త్రంలో ఒక పటం ఉంది. 1997లో మైకేల్ బైరమ్ అనే బ్రిటిష్ పండితుడు దీన్ని ఐదు ముక్కలు చేశాడు. కుతూహలం, తీర్పుని కాసేపు ఆపుకోవడం ఒకటి. అవతలి సమాజం గురించీ మన సమాజం గురించీ తెలిసి ఉండటం రెండు. చదివిందాన్నీ చూసిందాన్నీ మనదానితో పోల్చి విప్పుకోవడం మూడు. తెలియనిది ఎదుటి మనిషినే అడిగి రాబట్టడం నాలుగు. రెండు వైపులనీ, ముఖ్యంగా మన వైపుని, పరీక్షగా చూడగలగడం ఐదు. వీడియో చూపించే కోచింగులు రెండో ముక్కలో సగం చేసి ఆగుతాయి. వీళ్ళు నాలుగిటి దాకా వెళ్తారు. ఐదో దాని దగ్గర పక్కకి తప్పుకుంటారు.

తీర్పు ఆపుకోవడానికి వీళ్ళు వాడే సాధనం మూడు గడుల కాయితం. చూసింది, అనుకున్నది, ఎలా అనిపించింది. ఒక ఫొటో ఇస్తారు: సాయంత్రం ఆరున్నరకి జర్మన్ ఇంటి బల్ల, మీద నల్ల రొట్టె, చీజు, దోసకాయ ముక్కలు, వెన్న. మూడు నిమిషాలు మొదటి గడి మాత్రమే నింపాలి, జర్మన్‌లోనే: బ్రోట్, కేజె, గుర్కె. వచ్చిన పదాలు తక్కువ కాబట్టి కళ్ళకి కనిపించేదే రాయగలుగుతారు. పదాల కరువు ఇక్కడ వరం. రెండో గడి తెలుగులో రాసుకోవచ్చు. అక్కడే అన్నీ బయటపడతాయి. ‘ఇంట్లో వంట చెయ్యలేదు’, ‘ఆడమనిషి ఊళ్ళో లేదు’, ‘పాపం’. పాపం అనే మాట ఏ గడిలో ఉందో చూడమంటారు. మొదటి గడిలో ఉంటే కొట్టేయాలి. అంతా అయ్యాక ‘ఆబెంట్‌బ్రోట్’ అనే మాట చెప్తారు. చాలా ఇళ్ళల్లో మధ్యాహ్నమే వేడి భోజనం, రాత్రికి పొయ్యి వెలిగించకుండా రొట్టె తినడం పాత అలవాటు, ఆ పూట పేరే రొట్టె పేరు. ఇప్పుడు పగలంతా ఉద్యోగాలు కాబట్టి రాత్రి వండుకునే ఇళ్ళూ బోలెడు. మన చద్దన్నం తినేవాళ్ళని చూసి బయటివాడు ‘పాపం’ అనుకుంటే ఎలా ఉంటుందో ఒక్క ప్రశ్న వేసి వదిలేస్తారు.

ఇందులో తప్పు జరిగేది టైము దగ్గర. మూడు గడులకీ కలిపి నలభై నిమిషాలు పడుతుంది. పరీక్ష దగ్గరపడితే ఇరవైకి కుదిస్తారు, అప్పుడు మొదటి గడి ఎగిరిపోయి నేరుగా అభిప్రాయాల్లో పడతారు. అలా చేసేకంటే ఆ వారం మానేయడం నయం.

పేర్ల పాఠం చిన్నదే గానీ డబ్బు ఆదా చేస్తుంది. ఏ1 రాతపరీక్షలో మొదటి భాగం ఫారం నింపడం. ‘ఫోర్‌నామె’ అంటే సొంత పేరు, ‘ఫమీలియెన్‌నామె’ అంటే ఇంటిపేరు. ‘ఫోర్’ అంటే ముందు అని నేర్చుకున్న మనవాళ్ళు మన పద్ధతిలో ముందుండే ఇంటిపేరుని ఫోర్‌నామెలో రాసేస్తారు. పైగా కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో. ఇక్కడ ఎవరి పాస్‌పోర్టు వాళ్ళు తెచ్చుకుని, అందులో ఎలా ఉందో చూసుకుని ఫారం నింపాలి. అలాగే ‘గారు’. మనం గారుని సొంత పేరుకి తగిలిస్తాం. జర్మన్‌లో ‘ఫ్రావ్’, ‘హెర్’ ఇంటిపేరుకి తగులుతాయి. లక్ష్మిగారు అక్కడ ఫ్రావ్ లక్ష్మి కాదు, ఫ్రావ్ కలిదిండి. సర్, మేడమ్ అనే మాటలకి అక్కడ సాటి మాటే లేదు, ‘యా, సర్’ అనడం మానిపించడానికి ఈ టీచర్లకి నెల పడుతుంది.

డూ, జీ తేడాకి మన నువ్వు, మీరు ఉన్నాయి కదా, సులువే అనుకుంటారు. సగమే సులువు. మనం అమ్మనీ దేవుణ్ణీ నువ్వు అంటాం, వాళ్ళూ డూ అంటారు. ఇది చెప్తే డూ అమర్యాద కాదు, దగ్గరితనం అని వెంటనే ఎక్కుతుంది. చిక్కంతా ‘మీరు’లో ఉంది. మనకి ఒక్క మీరు మర్యాదకీ, పదిమందికీ సరిపోతుంది. వాళ్ళకి పదిమంది స్నేహితులైతే ‘ఈర్’, మర్యాదైతే ‘జీ’. మనవాళ్ళు తోటి విద్యార్థుల గుంపుని జీ అని పిలిచి దూరం పెట్టేస్తారు. జీ నుంచి డూకి మారదామని అడిగేది మామూలుగా వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళు. చిన్నవాళ్ళు ఆగాలి. ఈ ఒక్క దగ్గర మన పెంపకం బాగా పనికొస్తుంది.

ఇల్లు వెతికే పాఠంలో ఒక చక్కటి లెక్క ఉంది. జర్మన్ ప్రకటనలో మూడు త్సిమ్మర్ అంటే హాలుతో కలిపి మూడు గదులు, వంటగది, బాత్రూము లెక్కలోకి రావు. అంటే మన టూ బీహెచ్‌కే. ‘కాల్ట్‌మీటె’ ఒట్టి అద్దె, ‘వార్మ్‌మీటె’లో హీటింగు, నీళ్ళ వంటి ఖర్చులు కలుస్తాయి, కరెంటు బిల్లు మాత్రం ఎక్కువగా విడిగానే ఉంటుంది. చాలా ఇళ్ళల్లో వంటగది అంటే గోడలూ పైపులే, పొయ్యీ సింకూ కూడా అద్దెకున్నవాళ్ళే పెట్టుకోవాలి. ఇది చదివి ‘ఏం మనుషులండీ’ అన్నవాళ్ళతో మళ్ళీ మూడు గడుల కాయితం పట్టిస్తారు.

టైము గురించిన ఆ పాత పాట ఇక్కడ పాడరు, అందుకు ఒక నక్షత్రం ఎక్కువ. డాక్టరు దగ్గర ‘టెర్మీన్’ (అపాయింట్‌మెంటు) తీసుకుని రాలేకపోతే ముందురోజే ఫోన్ చెయ్యాలని, ‘చూద్దాం లెండి’ అనే మన మెత్తని కాదుని అక్కడ నిజంగానే చూస్తావని అనుకుంటారని చెప్తారు. దాంతోపాటే రెండో వైపు చూపిస్తారు. యూనివర్సిటీ టైంటేబుల్లో పది గంటల పక్కన ‘సీ.టీ.’ అని ఉంటే క్లాసు పదింపావుకి మొదలు, ‘ఎస్.టీ.’ అని ఉంటే సరిగ్గా పదికే. జర్మనీలో దూరప్రయాణ రైళ్ళు 2024లో సమయానికి వచ్చింది సుమారు 62 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోంచి తీసేస్తే. భీమవరం టౌన్ స్టేషన్లో నిలబడి అలవాటైనవాళ్ళకి ఈ అంకె ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే గట్టి పాఠం ఏ2లో వస్తుంది, నీళ్ళ గురించి. జర్మనీ ఉత్తర తీరంలో నేల పల్లం, సముద్రానికి గట్టు కట్టుకుని బతుకుతారు. ఆ గట్టు పేరు ‘డైష్’. మనకి ఏటిగట్టు. కాలువ ‘కనాల్’, లాకు ‘ష్లోయిజె’. పాఠ్యపుస్తకంలో ఈ మాటలు లేవు, టీచర్లే కలిపారు, ఎందుకంటే వీటిలో పుట్టి పెరిగిన పిల్లలు తమ ఊరి గురించి జర్మన్‌లో ఒక పేజీ చెప్పగలగాలంటే కోటలూ మంచూ పనికిరావు. మొదటి రోజు ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఆరు వాక్యాలు: కాటన్, 1852లో పూర్తి, కాలువలు, రెండు పంటలు. రెండో రోజు 1962 ఫిబ్రవరి 16 రాత్రి హాంబుర్గ్‌లో గట్లు తెగిన ‘ష్టుర్మ్‌ఫ్లూట్’ (తుపాను ఉప్పెన) గురించి తేలికచేసిన పాఠం, ఒక్క ఆ నగరంలోనే మూడొందల మందికి పైగా పోయారు. మూడో పని ఇంటికి: 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన పెద్దవాళ్ళని ఐదు ప్రశ్నలు అడిగి రావాలి. గాలి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ తలదాచుకున్నారు, కొబ్బరిచెట్లు ఎన్ని మిగిలాయి, మర్నాడు ఏం తిన్నారు, సాయం ఎవరు తెచ్చారు. ఆ జవాబులని జర్మన్‌లోకి తెచ్చి, హాంబుర్గ్ పాఠంలోని మనుషుల జవాబుల పక్కన పెడతారు. అప్పటిదాకా జర్మన్లంటే యంత్రాలూ క్రమశిక్షణా అనుకున్నవాళ్ళ కాయితాల్లో భాష మారిపోతుంది. ‘వాళ్ళు’ తగ్గి ‘ఆ ఇల్లాలు’, ‘ఆ ముసలాయన’ వస్తారు. భూతకాలం పాఠం కూడా ఇక్కడే అయిపోతుంది, ఇంత సరుకుండగా వేరే అభ్యాసాలు ఎందుకు.

చిన్న లోపం: తుపాను మాట ఎత్తితే కొన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బాధపడతారు. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలెయ్యమని ముందే చెప్పి పంపాలి. కాయితం మీద ఆ మాట లేదు.

బీ1లో వీడియో కాల్ భాగస్వామ్యం ఉంది, అటువైపు తెలుగు కాదు గానీ ఇంగ్లీషు మాట్లాడే జర్మన్ పెద్దవాళ్ళ బృందం. ఇరవై అయిదు నిమిషాలు జర్మన్, ఇరవై అయిదు ఇంగ్లీషు, ఎవరి భాషకి వాళ్ళు గడియారం పట్టుకుంటారు. ఇద్దరూ వంటింట్లోంచి ఒక వస్తువు తెచ్చి పేరు చెప్పకుండా చూపించాలి. కవ్వం, పచ్చడి జాడీ, అప్పడాల కర్ర ఇటు. ఉడికించిన గుడ్డు నిలబెట్టే గిన్నె, వెల్లుల్లి నలిపే పట్టుకారు అటు. ప్రశ్నలు మాత్రం ‘ఇదేంటి’ దగ్గర ఆగకూడదు. ఎవరు వాడతారు, ఎప్పుడు, అది లేకపోతే ఏం చేస్తారు, మీ అమ్మ కాలంలో కూడా ఉందా. ఎవరు వాడతారన్న ప్రశ్నే రెండు ఇళ్ళ మగవాళ్ళ గుట్టు బయటపెడుతుంది. ఏర్పాటులో దెబ్బతినేది గడియారం మార్పు. చలికాలం మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా, ఎండాకాలం మూడున్నర. మార్చి, అక్టోబరు ఆఖరి ఆదివారాల్లో వాళ్ళ గడియారం మారుతుంది. ఆ మాట రాసిపెట్టుకోకపోతే తర్వాతి వారం ఒకవైపు జనం ఒక గంట ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి.

ఇప్పుడు లోట్లు. బీ1 మౌఖికంలో రెండో భాగం ఐదు స్లైడ్ల ప్రసంగం, అందులో ఒకటి తప్పనిసరిగా ‘మీ దేశంలో పరిస్థితి’. పిల్లలు ‘ఇన్ ఇండియెన్’ అని మొదలుపెట్టి, తమకి తెలియని నూట నలభై కోట్లమంది తరఫున మాట్లాడేస్తారు. టీచర్లు దాన్ని కొట్టేసి ‘నరసాపురం దగ్గర మా ఊళ్ళో’ అని రాయిస్తారు, అది బాగుంది. కానీ జర్మనీలో దిగిన మొదటి నెలలోనే ఎదురయ్యే మూడు ప్రశ్నలు ఉన్నాయి: కులం, పెద్దలు కుదిర్చే పెళ్ళి, కట్నం. వీటి మాట వస్తే క్లాసు పాఠం మార్చేస్తుంది. కులాన్ని ‘మీరేవిట్లు’ అని చుట్టుతిప్పి అడిగే సమాజంలోంచి వెళ్తూ, నేరుగా అడిగిన ప్రశ్నకి సిగ్గుపడో రోషపడో ‘అవన్నీ ఇప్పుడు లేవు’ అని అబద్ధమాడి వచ్చేస్తే ఎదుటివాళ్ళు నమ్మరు. బీ1 స్థాయిలో నిజం చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు. కట్నం 1961 నుంచి చట్టరీత్యా నేరం, అయినా ఇస్తున్నారు, మా ఇంట్లో ఇలా జరిగింది, నేనిలా అనుకుంటున్నాను. ఈ నాలుగూ ముందే కట్టించి ఉంచాలి. అదే ఆ ఐదో ముక్క. ఊరి మొహమాటానికి భయపడి వీళ్ళు వదిలేస్తున్నది కూడా అదే.

నర్సుల లోటు దీనికంటే పెద్దది. మన ఆసుపత్రుల్లో రోగికి ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్క మార్చడం ఎక్కువగా ఇంటివాళ్ళో ఆయాలో చేస్తారు. జర్మనీలో ఇంటివాళ్ళు చూడటానికి వచ్చి వెళ్తారు, ఆ పనులన్నీ ‘గ్రుంట్‌ఫ్లేగె’ పేరుతో నర్సు బాధ్యతలోనే ఉంటాయి. ఇక్కడ వాషెన్ (ఒళ్ళు కడగడం), ముంట్‌ఫ్లేగె (నోరు శుభ్రం చెయ్యడం) అని పదాలు నేర్పుతున్నారు గానీ ఆ పని నువ్వే చేస్తావు, అది నీ చదువుకి తక్కువ కాదు అని ఎవరూ చెప్పడం లేదు. డిగ్రీ చదివి వెళ్ళినవాళ్ళకి మొదటి వారమే అవమానంగా తోచేది ఇదే. అలాగే ముసలివాళ్ళని ఆప్యాయంగా ‘మామ్మా’, ‘తాతా’ అని పిలవడం ఇక్కడ మంచి నర్సు లక్షణం, అక్కడ తెలియని పెద్దావిడని ‘ఓమా’ (మామ్మ) అంటే చిన్నబుచ్చినట్టు. ఫ్రావ్, ఇంటిపేరు, జీ. తలుపు తట్టి లోపలికి వెళ్ళడం. రోగి మందు వద్దంటే కొడుకుని పిలిచి చెప్పించడం కాదు, రోగితోనే మాట్లాడి, ఆ మాట చార్టులో రాసి, పైవాళ్ళకి చెప్పడం. ఇవన్నీ సన్నివేశాలుగా ఆడించదగ్గవే, కాఫీ సన్నివేశంలాగే. పైగా నర్సు గుర్తింపుకి మామూలుగా బీ2 అడుగుతారు, ఈ క్లాసు బీ1తో ఆగుతుంది. చేరేటప్పుడే ఈ మాట గోడ మీద పెద్దక్షరాలతో ఉండాలి. ఇప్పుడు అడిగితేనే చెప్తున్నారు.

వ్యాకరణం మామూలన్నాం కదా. డాటివ్, అక్కుజాటివ్ (జర్మన్ విభక్తులు) దగ్గర తెలుగు విభక్తులు వాడుకుంటే సగం పని తగ్గుతుంది, వీళ్ళు ఇంగ్లీషు మీదుగానే తిప్పుతున్నారు. ఉచ్చారణ పరవాలేదు. రాత దిద్దడం ఆలస్యం, వారం దాటాక తప్పులు చూపిస్తే లాభం లేదు.

ఫీజు ఏ1కి 16,000, ఏ2కి 18,000, బీ1కి 24,000, పుస్తకాలు విడిగా. వారానికి ఐదు రోజులు, రోజుకి రెండు గంటలు, ఉదయం ఏడుకీ సాయంత్రం ఐదున్నరకీ బ్యాచిలు. పరీక్ష ఇక్కడ లేదు, హైదరాబాదుకో చెన్నైకో వెళ్ళాలి, ప్రయాణం, బస ఖర్చు వేసుకోండి. పరీక్షకి ముందు మూడు వారాలు కేవలం మోడల్ పేపర్లే, అప్పుడు డెమో చూడటానికి వెళ్తే పైన రాసినవేవీ కనిపించవు. కోర్సు మొదలైన మూడో వారంలో వెళ్ళండి, గంటల పాఠం అప్పుడే ఉంటుంది. సాయంత్రం బ్యాచి నరసాపురం వైపు బస్సు అందేలా ఏడున్నరకల్లా వదులుతారు. టీచరు ఆ టైముని బోర్డు మీద ‘హల్ప్ ఆఖ్ట్’ అని రాస్తుంది. మొదటి రోజుల్లో కొత్తవాళ్ళు ఎనిమిదిన్నర అనుకుని ఇంటికి ఫోన్ చేసి చెప్పేస్తుంటారు.